సూర్యుడు నిజంగా నడినెత్తిన ఉంటాడా?

మధ్యాహ్నాన్ని తెలుగులో చెప్పాలంటే "సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు" అంటాం. "మిట్టమధ్యాహ్నం" అన్నా అదే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. తెలుగు తరగతిలో ఈ మాటకు అర్థం అడిగితే పిల్లలు తడుముకోకుండా చెబుతారు: "పగలు 12 గంటలు. అప్పుడు సూర్యుడు సరిగ్గా తల మీద ఉంటాడు. నీడ పాదాల కిందే పడుతుంది."

"మీలో ఎవరైనా చూశారా?" అని అడిగితే మాత్రం ఎవరూ మాట్లాడరు. చూడలేదు మరి. విన్నాం, చదివాం, నమ్మాం.

బదిలీల మీద మేము ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ పాఠాలు చెప్పాం. ఏ ఊళ్లో అడిగినా జవాబు ఇదే. ఆకాశం మాత్రం ప్రతి ఊళ్లోనూ వేరే జవాబు చెబుతుంది. ఈ రెండు జవాబుల మధ్య తేడా ఎందుకొచ్చిందో ఒక కర్రతో, ఒక నీడతో కనిపెట్టవచ్చు. అలా కనిపెట్టే దారికే శాస్త్రీయ పద్ధతి అని పేరు. తెలుగు టీచర్లకు నీడలతో పనేమిటి అనుకోకండి. ఒక మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడం భాష నేర్చుకోవడంలో భాగమే. సైన్సు టీచరు తోడుంటే ఆ పని ఇంకా బాగా జరుగుతుంది.

తల ఖాళీ కుండ కాదు

పిల్లల తల ఖాళీ కుండ, టీచరు అందులో నీళ్లు పోస్తారు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మీరు బడికి రాకముందే లోకం గురించి మీకు బోలెడు అభిప్రాయాలున్నాయి. బరువైన వస్తువు ముందు కింద పడుతుంది, చలికాలంలో సూర్యుడు దూరంగా వెళతాడు, చందమామ రాత్రిపూటే కనిపిస్తాడు - ఇలాంటివి. కొన్ని సరైనవి, కొన్ని కావు. అన్నిటికీ మీ దగ్గర ఏదో ఒక కారణం ఉంటుంది.

స్విట్జర్లాండ్‌కు చెందిన జాఁ పియాజే, రష్యాకు చెందిన లెవ్ వైగోట్‌స్కీ ఇద్దరూ 1896లోనే పుట్టారు. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నదే ఇద్దరి ప్రశ్న. జ్ఞానాన్ని ఎవరూ ఎవరికీ ముద్దలా చేతిలో పెట్టలేరని, పిల్లలు తమకు ముందే తెలిసినదానికి కొత్త అనుభవాన్ని జోడించి తమ అవగాహనను తామే కట్టుకుంటారని పియాజే పరిశీలనలు చూపాయి. ఆ కట్టడం ఒంటరిగా సాగదని, తోటివారితో మాట్లాడుతూ, తమకంటే కొంచెం ఎక్కువ తెలిసినవారి ఆసరాతో సాగుతుందని వైగోట్‌స్కీ చెప్పారు. ఈ ఆలోచనలను కలిపి జ్ఞాన నిర్మాణవాదం అంటారు. మన దేశంలో 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రం కూడా పిల్లలను తమ జ్ఞానాన్ని తామే నిర్మించుకునేవారిగా చూడమంది.

పేరు బరువుగా ఉన్నా పని తేలిక. ముందు మీకు తెలిసింది బయట పెట్టాలి. తరువాత దాన్ని పరీక్షించాలి. పరీక్షలో నిలవకపోతే మార్చుకోవాలి. అంతే.

ముందు ఊహ, తరువాత కర్ర

మేము ఉత్తరాదిలో పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ పని చేశాం. సెప్టెంబరు నెల మూడో వారం దాటింది. ఎండ బాగా కాస్తోంది. బయటికి వెళ్లేముందు ప్రతి ఒక్కరినీ ఒక కాగితం మీద ఊహ రాయమన్నాం: "మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెడితే 12 గంటలకు దాని నీడ ఎంతుంటుంది? ఎందుకు?"

కాగితాలు చదివితే నాలుగు రకాల జవాబులు తేలాయి. ఎక్కువమంది "నీడే ఉండదు" అన్నారు. కొందరు "చిన్న నీడ ఉంటుంది, అన్నిటికంటే చిన్నది 12 గంటలకే" అన్నారు. ఇంకొందరు "వేసవిలో ఉండదు, ఇప్పుడు కొంచెం ఉంటుంది" అన్నారు. ఆ ఏడాదే తమిళనాడు నుంచి టీసీ తెచ్చుకుని చేరిన ఒక అమ్మాయి మాత్రం "ఊరిని బట్టి ఉంటుందేమో" అని రాసి, చివర ప్రశ్నార్థకం పెట్టింది.

ఏది సరైనదో మేము చెప్పలేదు. చెప్పేస్తే ఇంక ఎవరూ నీడ వైపు చూడరు, మా మొహం వైపే చూస్తారు. ఊహ రాయించడానికి కారణం కూడా ఇదే. రాయకుండా ప్రయోగం చేస్తే, ఫలితం వచ్చాక "నాకు ముందే తెలుసు" అనిపిస్తుంది. కాగితం మీద ఉన్న ఊహ అలా మాట మార్చనివ్వదు.

ప్రయోగం ఇలా చేశాం. మీరూ చేయవచ్చు. నలుగురేసి ఒక బృందం. ప్రతి బృందానికి ఒక మీటరు కర్ర, కొలత టేపు, చాక్‌పీసు, గడియారం. కర్ర నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీయాలి. దారం, కర్ర రెండూ ఒకే తీరుగా ఉంటే కర్ర నిటారుగా ఉన్నట్టు. నేల ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి. గిన్నెలో నీళ్లు పోసి పెడితే నేల వాలు తెలిసిపోతుంది. 11 గంటల నుంచి ఒకటిన్నర దాకా పది నిమిషాలకొకసారి నీడ కొస దగ్గర గుర్తు పెట్టి, టైము, పొడవు రాసుకోవాలి. ఒక్క హెచ్చరిక: నీడనే చూడాలి, సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు.

రబ్బరు పక్కన పెట్టండి

12 గంటలైంది. నీడ మాయం కాలేదు. సగం మీటరు దాటే ఉంది. ఒక బృందంలో అబ్బాయి రబ్బరు అందుకున్నాడు.

"మేడమ్, మాది తప్పొచ్చింది. దిద్దేస్తాం."

"తప్పని ఎలా తెలిసింది?"

"12 గంటలకు నీడ ఉండకూడదు కదా! మాకు 55 సెంటీమీటర్లు వచ్చింది."

"పక్క బృందానికి ఎంతొచ్చింది?"

"54."

"ఆ పక్కవాళ్లకు?"

"56."

వాడు కాసేపు ఆగాడు. అందరికీ ఒకేసారి తప్పు వస్తుందా అని వాడే అడిగాడు. రబ్బరు జేబులోకి వెళ్లింది.

ఈ రబ్బరు గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ప్రాక్టికల్ రికార్డుల్లో ఇది నిత్యం జరిగే పనే. పుస్తకంలో ఉన్న అంకె రాకపోతే, వచ్చిన అంకె తుడిపేసి పుస్తకంలోది రాస్తారు. మార్కులు పోవు. కానీ ఆ రోజు కళ్లు చూసినదాని కంటే అచ్చులో ఉన్నదే నిజమని చెయ్యి నేర్చుకుంటుంది. ఈ అలవాటు ముదిరితే పెద్దయ్యాక ఇంకెవరు ఏ మాట గట్టిగా చెప్పినా, మన కళ్లతో చూసింది తుడిపేసుకోవడానికి సిద్ధంగా ఉంటాం. అందుకే ఆ పూట మా నియమం ఒక్కటే: కొట్టివేయవచ్చు, తుడిపేయకూడదు. తప్పుగా చదివామనిపిస్తే ఒక గీత కొట్టి, పక్కన కొత్త అంకె, కారణం రాయాలి.

మరి ఒకరికి 54, ఒకరికి 56 ఎందుకొచ్చాయి? పిల్లలే కారణాలు వెతికారు. ఒక కర్ర కొంచెం ఒరిగి ఉంది. ఒక చోట నేల వాలుగా ఉంది. ఇంకో కారణం వెతకడానికి టైము పట్టింది. నీడ కొస గీసినట్టు ఉండదు, మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, వెడల్పున్న బింబం. ఒక అంచు నుంచి వచ్చే వెలుగు ఒక చోట ఆగితే, రెండో అంచు నుంచి వచ్చేది ఇంకో చోట ఆగుతుంది. అందువల్ల ఆ కొస దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు మసక వస్తుంది. ఆ మసకలో ఎక్కడ గుర్తు పెట్టాలో ముందే ఒప్పందం చేసుకోవాలి. ఏ కొలతకైనా ఇలాంటి మసక ఉంటుంది. అది ఎంతో తెలుసుకుంటే చాలు, సిగ్గుపడాల్సిన పని లేదు.

అసలు మధ్యాహ్నం ఎప్పుడు?

రెండో చిక్కు కూడా వచ్చింది. అన్నిటికంటే చిన్న నీడ 12 గంటలకు రాలేదు. 12.10కీ 12.20కీ నీడ దాదాపు ఒకే పొడవుంది. మధ్యాహ్నం దగ్గర నీడ పొడవు చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి, అతి చిన్న నీడ ఏ నిమిషంలో వచ్చిందో టేపుతో పట్టుకోవడం కష్టం.

దీనికి మన దేశంలో పాత ఉపాయం ఒకటుంది. నిటారుగా పాతిన మేకును సంస్కృతంలో శంకువు అంటారు. ఇల్లు కట్టేముందు మనం చేసే శంకుస్థాపనలో ఉన్నది ఆ మాటే. లెక్కల పుస్తకంలో మీరు చదివే శంకువుదీ అదే మాట. శంకువు చుట్టూ ఒక వృత్తం గీస్తారు. పొద్దున నీడ పొడవుగా ఉండి వృత్తం బయటికి సాగుతుంది. తగ్గుతూ తగ్గుతూ ఒక క్షణాన దాని కొస వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం దాటాక మళ్లీ పెరుగుతూ రెండో వైపు వృత్తాన్ని తాకి బయటికి పోతుంది. ఈ రెండు గుర్తులను కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. కాత్యాయన శుల్బసూత్రంలో దిక్కులు కనుక్కోవడానికి చెప్పిన పద్ధతి ఇదే.

ఇదే పద్ధతిలో టైము కూడా తెలుస్తుంది. మర్నాడు 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీశాం. నీడ కొస 11.24కు వృత్తాన్ని తాకింది. మళ్లీ ఒంటి గంట దాటి 4 నిమిషాలకు తాకింది. ఈ రెంటికీ సరిగ్గా మధ్య టైము 12.14. ఆ ఊళ్లో ఆ రోజు అసలు మధ్యాహ్నం అదే. గడియారం చెప్పే 12 గంటలు కాదు.

ఎందుకు? ఇక్కడ మేము ఒక విషయం చెప్పాల్సి వచ్చింది. ఇది ఎంత నీడ కొలిచినా కర్రతో తెలిసేది కాదు. దేశమంతటికీ ఒకే టైము ఉండాలని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని ఆధారంగా తీసుకున్నారు. ఆ గీత ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర నుంచి, మన ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ దగ్గర నుంచి వెళుతుంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. ఆ గీతకు తూర్పున ఉన్నవాళ్లకు మధ్యాహ్నం ముందు వస్తుంది, పడమరన ఉన్నవాళ్లకు ఆలస్యంగా వస్తుంది.

ఇంతవరకే చెప్పి అట్లాసు ఇచ్చాం. మిగతా లెక్క పిల్లలే చేశారు. గువాహటిలో మధ్యాహ్నం ఏడాది సగటున 11.23కే అయిపోతుంది. జైసల్మేర్‌లో 12.46 దాకా కాదు. దేశం ఆ కొస నుంచి ఈ కొసకు దాదాపు 29 డిగ్రీల వెడల్పు ఉంది కాబట్టి తేడా దాదాపు 2 గంటలు. నాన్నగారికి అస్సాం నుంచి రాజస్థాన్‌కు బదిలీ అయినప్పుడు, సాయంత్రం ఆట టైము ఒక్కసారిగా ఎందుకు పెరిగిందో ఒక అబ్బాయికి ఆ రోజు అర్థమైంది.

లెక్కలో ఇంకా కొన్ని నిమిషాలు మిగిలిపోయాయి. ఢిల్లీ రేఖాంశాన్ని బట్టి మధ్యాహ్నం 12.21కి రావాలి, కానీ సెప్టెంబరు చివరలో 12.14కే వస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాకపోవడం, భూమి అక్షం ఒరిగి ఉండటం - ఈ రెండు కారణాల వల్ల అసలు మధ్యాహ్నం ఏడాది పొడవునా కొంచెం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఈ జరుగుబాటు ఒక వైపు 16 నిమిషాల దాకా, ఇంకో వైపు 14 నిమిషాల దాకా ఉంటుంది. అందుకే కాకినాడలో కూడా ఏడాదంతా సరిగ్గా 12కే మధ్యాహ్నం కాదు. ఒక ప్రశ్నకు జవాబు దొరికితే దాని పక్కనే చిన్న ప్రశ్న మిగలడం సైన్సులో మామూలే.

నీడ ఎందుకు మాయం కాలేదు?

ఇక మొదటి ప్రశ్న. అసలు మధ్యాహ్నం వేళ కూడా నీడ 54 సెంటీమీటర్లకు పైనే ఎందుకుంది?

ఒక బంతి తెచ్చి దాని మీద మూడు చోట్ల అగ్గిపుల్ల ముక్కలు నిలబెట్టి అంటించాం. ఒకటి నడుము దగ్గర, ఒకటి కొంచెం పైన, ఒకటి ఇంకా పైన. బంతిని ఎండలో పట్టుకోమన్నాం. నడుము పుల్ల నీడ మాయమయ్యేలా తిప్పితే, పై రెండు పుల్లలకూ నీడ పడుతోంది. పైకి వెళ్లేకొద్దీ నీడ పెరుగుతోంది. మేము మాట్లాడకముందే వెనక నుంచి ఒక గొంతు: "అయితే ఊరిని బట్టే!" కాగితం మీద ప్రశ్నార్థకం పెట్టిన అమ్మాయి మొహం చూడాల్సింది.

భూమి అక్షం దాదాపు 23.5 డిగ్రీలు ఒరిగి ఉంది. అందువల్ల సూర్యుడు నడినెత్తిన ఉండే చోటు ఏడాదిలో కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్యనే తిరుగుతుంది. కర్కట రేఖ మన దేశంలో గుజరాత్ నుంచి మిజోరం దాకా 8 రాష్ట్రాల మీదుగా వెళుతుంది. దానికి దక్షిణాన ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏడాదికి రెండు రోజులు అసలు మధ్యాహ్నం వేళ నిటారు కర్రకు నీడ ఉండదు. ఆ రోజులను శూన్య నీడ రోజులంటారు. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ, చండీగఢ్, జమ్మూ, లేహ్ వంటి చోట్ల సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ పైకి వచ్చే జూన్ 21న కూడా ఢిల్లీలో మీటరు కర్రకు 9 సెంటీమీటర్ల నీడ, లేహ్‌లో 19 సెంటీమీటర్ల నీడ మిగిలే ఉంటుంది.

ఇప్పుడు మన తెలుగు మాట దగ్గరికి వద్దాం. తెలుగు నేల సుమారు 12.5 డిగ్రీల నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. అంటే మొత్తం కర్కట రేఖకు దక్షిణానే. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు మధ్యలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో వస్తాడు. మే నెలలో మనకు సెలవులు, ఆగస్టులో మబ్బులు. అందుకే ఎంతోమంది ఆ వింత చూడకుండానే పెద్దవాళ్లయిపోతారు. ఇంకో తమాషా కూడా ఉంది. ఆ రెండు రోజుల మధ్య కాలంలో సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళతాడు కాబట్టి మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. జూన్ 21న హైదరాబాద్‌లో మీటరు కర్రకు దాదాపు 11 సెంటీమీటర్ల నీడ దక్షిణంగా పడుతుంది. ఢిల్లీలో మధ్యాహ్నపు నీడ ఏ రోజూ దక్షిణానికి తిరగదు.

కాబట్టి "సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు" అన్నది అబద్ధం కాదు. ఆ మాట పుట్టిన నేల మీద ఏడాదికి రెండు రోజులు అది అక్షరాలా నిజం, ఎండాకాలమంతా దాదాపు నిజం. ఆ నేల దాటి ఉత్తరానికి వెళితే అది వాడుక మాటగా మిగులుతుంది. ఒక మాటను ఒప్పుకోవడం, కొట్టేయడం - ఈ రెండే దారులని మనం అనుకుంటాం. శాస్త్రీయ పద్ధతి మూడో దారి చూపిస్తుంది: ఆ మాట ఎక్కడ, ఎప్పుడు, ఎంతవరకు నిజమో కొలిచి చెప్పడం.

చేసినదానికి పేర్లు

ఇంత జరిగాక బోర్డు మీద కొన్ని పేర్లు రాశాం. పరిశీలన, ప్రశ్న, పరికల్పన, ప్రయోగం, నమోదు, పోలిక, నిర్ధారణ. మొదటి రోజే ఇవి రాయించి ఉంటే పిల్లలు కంఠస్థం చేసేవారు. ఇప్పుడు ప్రతి పేరుకూ వాళ్ల దగ్గర ఒక జ్ఞాపకం ఉంది. పరికల్పన అంటే కాగితం మీద రాసిన ఊహ. నమోదు అంటే రబ్బరు వాడని పట్టిక. పోలిక అంటే 54, 55, 56. ఇవి మెట్ల వరుస కాదని కూడా వాళ్లకు తెలుసు. నిర్ధారణ దగ్గర నుంచి మళ్లీ ప్రశ్న దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారో గుర్తుంది.

పిల్లలు అన్నీ తామే కనిపెట్టాలని జ్ఞాన నిర్మాణవాదం అనదు. ప్రామాణిక కాలం గీత ఎక్కడుందో చెప్పాలి, అట్లాసు చేతికివ్వాలి, అక్షం ఎంత ఒరిగిందో చెప్పాలి. ఎప్పుడు చెప్పాలన్నదే ముఖ్యం. ప్రశ్న పుట్టకముందు చెప్పిన జవాబు నిలవదు. ప్రశ్న పుట్టాక చెప్పిన జవాబును పిల్లలు లాక్కుని తీసుకుంటారు.

ఈ పని మన దేశంలో చాలా పెద్ద ఎత్తున జరిగింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, ఇప్పటి నర్మదాపురంలో, 16 మాధ్యమిక పాఠశాలల్లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దీన్ని మొదలుపెట్టాయి. 1982 నుంచి ఏకలవ్య సంస్థ నడిపింది. పిల్లలు నలుగురేసి కూర్చుని, చౌకగా దొరికే సామానుతో ప్రయోగాలు చేసేవారు. 'బాల్ వైజ్ఞానిక్' అనే వారి పుస్తకంలో జవాబుల కంటే ప్రశ్నలే ఎక్కువ. పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాసేవారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. కానీ పల్లెటూరి సర్కారు బడిలో, పెద్ద ప్రయోగశాల లేకుండా కూడా పిల్లలు సైన్సు చేయగలరని ఆ 30 ఏళ్లు చూపించాయి.

రెండు ఊళ్ల నీడలతో భూమిని కొలవడం

ఇప్పుడు చెప్పబోయేది మీలాంటి పిల్లలు అందరికంటే తేలిగ్గా చేయగల పని.

దాదాపు 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే పండితుడుండేవాడు. దక్షిణాన ఉన్న సయీన్ అనే ఊళ్లో, అంటే నేటి అస్వాన్‌లో, ఏడాదిలో ఒక రోజు మధ్యాహ్నం నీడ పడదని ఆయనకు తెలిసింది. అదే రోజు అలెగ్జాండ్రియాలో నీడ పడుతోంది. ఆ నీడ కోణం పూర్తి వృత్తంలో 50వ వంతు ఉంది. కాబట్టి రెండు ఊళ్ల మధ్య దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత అని లెక్క తేల్చాడు.

మీకు కావలసింది ఉత్తర దక్షిణాలుగా దూరంగా ఉన్న రెండు ఊళ్లు, అక్కడ ఒక స్నేహితుడు. పాత బడిలో మీకు స్నేహితులున్నారు కదా! ఉదాహరణకు హైదరాబాద్, ఢిల్లీ తీసుకోండి. రెండూ దాదాపు ఒకే నిలువు గీత మీద, 1,250 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. సెప్టెంబరు 23న ఎవరి ఊళ్లో వారి అసలు మధ్యాహ్నం వేళ మీటరు కర్ర నీడ కొలిచారనుకుందాం. హైదరాబాద్‌లో 31 సెంటీమీటర్లు, ఢిల్లీలో 54.5 సెంటీమీటర్లు వచ్చాయి. కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత, దాని అడుగున 3.1 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, కొసలు కలిపి, పై కోణాన్ని కోణమానినితో కొలవండి. దాదాపు 17.2 డిగ్రీలు వస్తుంది. ఢిల్లీ నీడతో అలాగే చేస్తే దాదాపు 28.6 డిగ్రీలు. తేడా 11.4 డిగ్రీలు. 11.4 డిగ్రీలకు 1,250 కిలోమీటర్లయితే 360 డిగ్రీలకు ఎంత? దాదాపు 39,500 కిలోమీటర్లు. అసలు చుట్టుకొలత దాదాపు 40,000. రెండు కర్రలతో ఇంత దగ్గరగా రావడం చిన్న విషయం కాదు.

ఇందులో ఒక షరతుంది. ఇద్దరూ ఒకే పద్ధతిలో కొలవాలి. మసక కొసలో ఎక్కడ గుర్తు పెట్టాలో ఫోనులో మాట్లాడి ఒప్పుకోవాలి. అవతలివారు రబ్బరు వాడితే మీ భూమి కూడా తప్పుతుంది. అందుకే సైన్సులో నిజాయితీ ఒక్కరి సొంత విషయం కాదు.

మా పాత స్కూల్లో అలా చెప్పలేదు

బదిలీ మీద వచ్చిన పిల్లల నోట మేము తరచు వినే మాట ఇది. చాలాచోట్ల దీనికి వచ్చే జవాబు "ఇక్కడ ఇలాగే" అని. రెండు మూడు బళ్లు మారాక కొందరు ఆ మాట అనడమే మానేస్తారు. తెలిసినా చెయ్యెత్తరు. ఎవరి మాట నిజమో తేల్చుకునే దారి లేనప్పుడు నోరు మూసుకోవడమే క్షేమం అనిపిస్తుంది.

నిజానికి ఆ మాటలో ఒక ప్రయోగం దాగి ఉంది. అక్కడ అలా, ఇక్కడ ఇలా. మరి రెండు చోట్లా మారినదేమిటి? ఒకే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకు ఈ ప్రశ్న తట్టడం కష్టం. లేహ్‌లో పప్పు ఉడకడానికి ఎందుకంత సేపు పడుతుంది? విశాఖలో ఆరేసిన బట్టలు జోధ్‌పూర్‌లో అంత త్వరగా ఎందుకు ఆరిపోతాయి? ఈ ప్రశ్నలకు కావలసిన సగం సమాచారం మీరు ఇప్పటికే మోసుకు తిరుగుతున్నారు. కాబట్టి "మా పాత స్కూల్లో అలా చెప్పలేదు" అనడం మానకండి. దాని తరువాత ఇంకో మాట చేర్చండి: "కొలిచి చూద్దామా?"

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఊరి పేరు, తేదీ, కర్ర పొడవు, నీడ వృత్తాన్ని తాకిన రెండు టైములు, అసలు మధ్యాహ్నం వేళ నీడ పొడవు, నీడ పడిన దిక్కు - ఇవి రాస్తే చాలు. నెలకొక్కసారి కొలవండి. బదిలీ అయితే పుస్తకం మీతోనే వస్తుంది, కొత్త ఊళ్లో కొత్త పేజీ మొదలవుతుంది. మొదటి కొలతకు మార్చి 21 గానీ సెప్టెంబరు 23 గానీ మంచి రోజు. ఆ రెండు రోజుల్లో మధ్యాహ్నపు నీడ కోణం, మీ ఊరి అక్షాంశం దాదాపు ఒకటే అవుతాయి. కోణం కొలిచాకే అట్లాసు తెరవండి. కర్ర పాతేముందు మాత్రం మీ ఊహను ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టండి.